రేపు నెలపొడుపు

చూడకపోవడం వేరు, చూసి మరిచిపోవడం వేరు, చూసీ చూడనట్టు ఊరుకోవడం ఇంకా వేరు. ఈ మూడింటిలో తనది ఏదో తేల్చుకోలేక బ్రైనా వంటింట్లో చిన్న స్టూలు మీద నిలబడి పంచాంగం వైపే చూస్తూ ఉంది. అంత్యక్రియలు జరిపించే సంస్థవాళ్ళు ఏటా ఉచితంగా పంచే పంచాంగం అది. వచ్చే ఆదివారం గడిలో సన్నటి చంద్రరేఖ అచ్చువేసి ఉంది. ఆమె దాని మీద వేలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది, రుద్దితే పోతుందేమో అన్నట్టు. ఆదివారం కొత్త నెల. కాబట్టి శనివారం నెలపొడుపుకి ముందురోజు. అలాంటి శనివారం యూదుల మందిరంలో ప్రవక్తల గ్రంథంలోంచి ఆ వారపు మామూలు పాఠం చదవరు. "రేపు నెలపొడుపు" అన్న మాటతో మొదలయ్యే వేరే పాఠం చదువుతారు. కెనడాలోని విన్నిపెగ్ మొత్తం మీద ఈ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పగల నలుగురిలో తానొకతె. అయినా తొమ్మిది నెలలుగా తన శిష్యురాలు టోవాకి మామూలు పాఠమే నేర్పింది.

ఈరోజు మంగళవారం. ఆ పిల్ల బాత్ మిట్స్వా, మందిరంలో మొదటిసారి చదివి పెద్దదయ్యే వేడుక, శనివారం.

స్టూలు దిగి, పొయ్యి మీద బార్లీ సూపు కలిపి, గరిటె పక్కన పెట్టి, అది కలిపానా లేదా అని మళ్ళీ కలిపింది. అరవై ఆరేళ్ళు వచ్చాయి, మతిమరుపు రాదా అనుకుంది. కానీ ఆ మాట ఆమెకే నమ్మకంగా అనిపించలేదు. మతిమరుపు కళ్ళద్దాలనీ తాళంచెవులనీ పట్టుకుపోతుంది. పాఠాలని ముట్టుకోదు. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఈ ప్లాస్టిక్ గుడ్డ పరిచిన బల్ల దగ్గరే రెండు వందల పైచిలుకు పిల్లలకు పాఠం చెప్పింది. దాదాపు అందరూ బార్ మిట్స్వాకి తయారయ్యే మగపిల్లలే. పదమూడేళ్ళు నిండిన శనివారం పొద్దున వాళ్ళు మందిరంలో మూడు మెట్లెక్కి, తోరా ధర్మగ్రంథం రాసిన తోలు చుట్ట ముందు నిలబడి, గొంతు వణుకుతుండగా చదివి, కిందికి దిగేసరికి పెద్దవాళ్ళైపోయేవారు. ఆడపిల్లలకు మొన్నమొన్నటి దాకా శుక్రవారం సాయంత్రమే దిక్కు. చుట్ట తెరవరు, రెండు కీర్తనలు, తర్వాత టీ, కేకు. రెండేళ్ళ కిందట మందిరం సభ్యులు ఓట్లు వేసి, పదకొండు ఓట్ల తేడాతో, ఆడవాళ్ళకీ ఆ మెట్లు తెరిచారు. అలా ఎక్కబోయే అమ్మాయిల్లో టోవా నాలుగోది.

మందిరం గురువు రబ్బీ లాండా అప్పట్నించి బ్రైనాని రెండుసార్లు పిలిచాడు, ఒక్కసారైనా పైకి వచ్చి నిలబడమని. మొదటిసారి మోకాళ్ళ నొప్పులంది. రెండోసారి మా తరానికి అలవాటు లేదంది. తలుపు వెనక కొక్కెంలా ఉండడం ఆమెకు ఇష్టం. కోట్లు వస్తాయి, తగిలించుకుంటాయి, పోతాయి. కొక్కేన్ని ఎవరూ చూడరు, అది లేకపోతే మాత్రం అన్నీ నేల మీదే ఉంటాయి. అందులో ఒక రకం గర్వం ఉంది. ఆ గర్వానికి ఇప్పుడు పగులు వచ్చింది.

నాలుగింటికి టోవా వచ్చింది. బూట్ల మంచు గుమ్మంలో దులిపి, జడ కొస నోట్లో పెట్టుకుని కూర్చుంది. మందుల షాపు నడిపే తండ్రి కూతురు. పొడుగ్గా, సన్నగా, ఏ గదిలో కూర్చున్నా వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉన్నట్టుండే పిల్ల. మిగతా గురువులు పాఠం మొత్తం క్యాసెట్టులో పాడి ఇచ్చేస్తారు. బ్రైనా ఇవ్వదు. అక్షరాల కిందా పైనా ఉండే స్వరాల గుర్తులు ఒక్కొక్కటీ చేత్తో గాలిలో గీయించి, ఏది ఎక్కుతుందో ఏది దిగుతుందో ఏది వంపు తిరిగి ఆగుతుందో వేళ్ళకు తెలిసేదాకా వదలదు. టోవా కుడిచేయి బల్ల కింద ఆ గీతలు గీస్తూనే ఉంది. మలాకీ ప్రవక్త ఇరవై ఒక్క వాక్యాలూ మొదటినుంచి చివరిదాకా ఒక్క తడబాటు లేకుండా పాడింది. పాడి, జడ మళ్ళీ నోట్లో పెట్టుకుని, ఈవిడ ఏమంటుందా అని చూసింది.

చెప్పడానికి బ్రైనా నోరు తెరిచింది. "మూడో వాక్యం దగ్గర ఊపిరి కాస్త ముందే తీసుకో," అంది.

అంతలో తల్లి రోనా కూతుర్ని తీసుకెళ్ళడానికి లోపలికి వచ్చి, కోటు విప్పకుండానే పది నిమిషాలు మాట్లాడింది. నూట ఇరవై మంది భోజనాలు, టొరంటో నుంచి అత్తగారు, ఆవిడ పక్కన కూర్చోనని ముందే చెప్పిన ఆడపడుచు, చదవడం అయ్యాక పిల్ల మీద అందరూ విసరడానికి నాలుగు కిలోల జెల్లీ మిఠాయిలు. గట్టి బిళ్ళలు వద్దని మందిరంలో పఠనం చూసుకునే మెండెల్ గారి ఆజ్ఞ. ఎప్పుడో ఒక బిళ్ళ తగిలి ఆయన కళ్ళద్దం పగిలిందట. బ్రైనా అన్నిటికీ తలూపింది. వాళ్ళు వెళ్ళాక కెటిల్ మీద వంకరగా కనిపిస్తున్న తన మొహం చూసుకుంది. బుధవారం ఎలాగూ మెండెల్ పంచాంగం చూస్తాడు. అతనే కనిపెడతాడు. అప్పుడు తాను ఆశ్చర్యపోతే చాలు. కనుబొమలు పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, ఆశ్చర్యం ఎలా ఉంటుందో చూసుకుంది. నమ్మేలాగే ఉంది. అది చూసే ఆమెకు భయం వేసింది.

మర్నాడు బస్సులో, మెయిన్ స్ట్రీట్ పొడుగునా కిటికీ అద్దానికి పట్టిన మంచును గోటితో గీకుతూ, ఒక విషయం గమనించింది. ఈ నెలపొడుపు ముందురోజు పాఠం ఇన్నేళ్ళలో ఒక్క పిల్లకీ పిల్లాడికీ తాను నేర్పలేదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తుంది అది. తల్లిదండ్రులు తారీకు చెప్పగానే, ఆ వారం నాకు ఖాళీ లేదనేది, కొత్తగా వచ్చిన మాస్టారి దగ్గరికి పంపించేది. ప్రతిసారీ కారణం నిజంగానే ఉన్నట్టు ఉండేది. ఈసారి రోనా తారీకు చెప్పలేదు. "యాకోబు, ఏశావుల వారం" అంది, ఆ వారం తోరాలో చదివే కథ పేరు పెట్టి, అంతే. తన మనసు తలుపు దగ్గర కాపలా ఉన్నవాడు తారీకుల్ని ఆపడానికే ఉన్నాడు. వారం పేరు చెప్పుకుని వచ్చినదాన్ని ఆపలేదు. లోపలికి వచ్చాక మాత్రం తొమ్మిది నెలలు దానివైపు చూడనివ్వలేదు.

కాపలా దేనికో ఆమెకు తెలుసు. ఆ పాఠం అన్న హెర్షెల్‌ది. తనకప్పుడు పదకొండేళ్ళు. వంటింట్లో మాస్టారు అన్నకు నేర్పుతుంటే, దిండ్ల కోసం బాతు ఈకలు చీలుస్తూ మూల కూర్చునేది. ఎవరూ నేర్పలేదు, వచ్చేసింది. ఆ శనివారం హెర్షెల్ "నీ చోటు ఖాళీగా ఉంటుంది" అన్న దగ్గర ఆగిపోయాడు. ఆడవాళ్ళు కూర్చునే పై వసారా నుంచి, రాగంతో సహా, తర్వాతి మాట కిందికి పడింది. అది తన గొంతే అని మగవాళ్ళంతా తలలెత్తి చూసేదాకా ఆమెకు తెలియలేదు. ఎవరూ తిట్టలేదు. కింద నవ్వులు లేచాయి. నాన్న కూడా నవ్వాడు. "మా ఇంట్లో బార్ మిట్స్వా ఇద్దరికయింది, ప్రార్థన శాలువా ఒక్కడికే," అని ఏడాది పాటు వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. హెర్షెల్ నెలరోజులు మాట్లాడలేదు. కొట్టి ఉంటే ఎప్పుడో మానిపోయేది.

మందిరంలో మెండెల్, రబ్బీ లాండా కలిసి శనివారానికి తోరా చుట్టను సిద్ధం చేస్తున్నారు. మెండెల్ ఒకప్పుడు బొచ్చుకోట్లు కత్తిరించేవాడు. ఇప్పుడు పదిహేనేళ్ళుగా గబాయ్. పఠన బల్ల పక్కన నిలబడి ఎవరు పైకి రావాలో పేరు పెట్టి పిలవడం, చదివేవాళ్ళు తప్పితే సరిదిద్దడం అతని పని. చుట్టకున్న రెండు కర్రల్లో ఒకటి అతని చేతిలో, ఒకటి రబ్బీ చేతిలో. తోలు కాగితాన్ని వేలితో తాకకుండా, ఒకరు వదులుతుంటే ఒకరు చుట్టుకుంటున్నారు. మెండెల్ పెదాలతో వరసలు లెక్కపెడుతున్నాడు. బ్రైనా మెట్ల కిందే నిలబడి, వాళ్ళు ఆగేదాకా ఆగి, చెప్పింది. ఆశ్చర్యం ఏమీ నటించలేదు. తప్పు నాది, అంది.

రబ్బీ ముందు నవ్వాడు. ముప్పై ఏళ్ళవాడు, అందర్నీ మెప్పించాలని తాపత్రయం. పిల్ల నేర్చుకున్నదే చదవనిద్దాం, ఎవరు గమనిస్తారు, అన్నాడు.

"నేను గమనిస్తాను," అన్నాడు మెండెల్. "దేవుడు కూడా, ఆరోజు వేరే పని లేకపోతే."

కాసేపు వాదన జరిగింది. చివరికి రబ్బీ, పొరపాటున వేరే పాఠం చదివినవాళ్ళు, ముగింపు దీవెనలు చెప్పేలోపు గుర్తొస్తే, అసలు పాఠం కూడా చదివి సరిచేసుకోవచ్చని పెద్దలు రాసిన మాట ఎత్తాడు. పిల్ల తనది చదువుతుంది, తర్వాత అసలుది ఇంకెవరైనా చదువుతారు, ఆపైన పిల్ల దీవెనలు చెబుతుంది.

"అది పొరపాటు చేసినవాడికండీ. బుధవారమే కూర్చుని పొరపాటుకు ఏర్పాట్లు చేసుకునేవాడికి కాదు."

"ఏర్పాట్లు ఎవరు చేశారు మెండెల్ గారూ? పొరపాటు తొమ్మిది నెలల కిందటే అయిపోయింది. మనం దిద్దుబాటుకే ఏర్పాట్లు చేస్తున్నాం."

మెండెల్ కర్ర పట్టుకున్న చేతులవైపు చూసుకున్నాడు. ఈ రబ్బీని మాంట్రియల్ నుంచి తెచ్చినప్పుడే అనుకున్నానని గొణిగాడు. తర్వాత, సరే, రెండోది నేనే చదువుతాను, అన్నాడు. బ్రైనా వెంటనే థాంక్స్ చెప్పింది. చెప్పిన తొందర ఆమెకే వినిపించింది. రబ్బీ ఆమెవైపు ఏదో అడగబోతున్నట్టు చూశాడు, కానీ ఆమె అప్పటికే చేతి తొడుగులు వేసుకుంటోంది.

గురువారం టోవాకి చెప్పాలి. ముందు సూపు పోసి పెట్టింది. పిల్ల నాలుగు చెంచాలు తాగాక మొదలుపెట్టి, చివరిదాకా ఒకే గొంతుతో చెప్పింది: పంచాంగం, తన తప్పు, రబ్బీ తీర్పు, మెండెల్ గారు చదవబోయేది. నీదేమీ పోదు, నువ్వు నేర్చుకున్నది మొత్తం చదువుతావు, అని కూడా అంది. టోవా చెంచా కింద పెట్టింది. ఏడుస్తుందనుకుంది బ్రైనా. దానికి తగ్గ మాటలు సిద్ధం చేసుకుని ఉంది.

"టీచర్, మీకు కూడా తప్పులొస్తాయా?"

"వచ్చింది కదా."

"ముందే చెప్పొచ్చుగా." పిల్ల మొహం విప్పారింది. "మీకు అసలు తప్పే రాదని, పాఠం ఉన్న రోజల్లా నాకు కడుపునొప్పి వచ్చేది. అమ్మ బఠాణీలు మాన్పించింది. బఠాణీల వల్ల కాదు."

బ్రైనా సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ పనికిరాలేదు. రెండు వందల మంది పిల్లలు ఈ బల్ల దగ్గర కడుపు పట్టుకుని కూర్చున్నారా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

అసలుది ఎలా ఉంటుందో పాడమంది టోవా. పుస్తకం తెస్తానని బ్రైనా లేచింది. లేచి, అలమర దాకా వెళ్ళి, తలుపు మీద చేయి వేసి, తీయలేదు. అటు తిరిగి నిలబడే మొదలుపెట్టింది. యోనాతాను దావీదుతో అంటాడు: రేపు నెలపొడుపు, నీ చోటు ఖాళీగా ఉంటుంది, నువ్వు లేవని తెలుస్తుంది. యాభై ఐదేళ్ళుగా నోట్లోకి రానివ్వని మాటలు ఒకదాని వెనక ఒకటి, దారి తెలిసిన మేకల్లా వచ్చేస్తున్నాయి. రాజు విందులో ఖాళీగా ఉన్న పీట, పొలంలో దాక్కున్న స్నేహితుడు, గురికంటే అవతల పడిన బాణం, ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడవడం. అన్న ఆగిన చోట ఆమె ఆగలేదు. అయిపోయాక చూస్తే తన చేయి అలమర తలుపు మీద గుర్తులు గీస్తూనే ఉంది. పొయ్యి మీద బంగాళాదుంపలు అడుగంటాయి.

"పుస్తకం చూళ్ళేదు మీరు," అంది టోవా.

"ఊఁ."

"మెండెల్ గారు ముక్కుతో చదువుతారు."

"పెద్దవాళ్ళని అలా అనకూడదు."

"మీకు మొత్తం వచ్చు. మరి మీరెందుకు చదవరు?"

మోకాళ్ళంది బ్రైనా.

"మోకాళ్ళతో పాడతారా?"

మాడిన గిన్నె పట్టుకుని బ్రైనా సింకు వైపు తిరిగింది. గీకుతూ, ఈ పిల్ల ఇంక రెట్టించకూడదని కోరుకుంది, రెట్టించాలనీ కోరుకుంది. టోవా రెట్టించలేదు. సూపు పూర్తిగా తాగి, గిన్నె తెచ్చి పక్కన పెట్టి, బూట్లు వేసుకుని, మెండెల్ గారి ఇల్లు సాలిటర్ వీధిలోనేనా అని మాత్రం అడిగింది. అవునంది బ్రైనా, ఎందుకని అడగకుండా.

శనివారం పొద్దున ఎప్పటిలాగే చివరి వరసలో, కోట్ల గదికి దగ్గరగా కూర్చుంది. కుటుంబాలు కలిసి కూర్చునే మందిరమే అయినా ఆమెకు ఇంకో చోటు అలవాటు కాలేదు. ముందు వరసలో టొరంటో అత్తగారికీ ఆడపడుచుకీ మధ్య రోనా సర్దుకుని కూర్చుని ఉంది. చిన్నపిల్లలందరికీ జెల్లీలు పంచేశారు. టోవా మెట్లెక్కింది. తెల్ల జాకెట్టు, భుజాల మీద కొత్త శాలువా, జడ వెనక్కి కట్టేసి ఉంది, నోటికి అందకుండా. తోరాలో తన భాగం చదివింది. తర్వాత మలాకీ. మూడో వాక్యం దగ్గర ఊపిరి కాస్త ముందే తీసుకుంది. బ్రైనా చేయి ఒళ్ళో దానంతటదే కదిలింది. పిల్ల గొంతు సన్నగా ఉన్నా ఎక్కడా వెనక్కి పోలేదు. చివరి మాట అయ్యేసరికి ఎవరో చిన్నవాడు ఆగలేక ఒక జెల్లీ విసిరేశాడు. అది రబ్బీ పుస్తకం మీద పడింది. అందరూ నవ్వారు. రబ్బీ దాన్ని తీసి జేబులో వేసుకుని, ఇంకా ఉంది, ఆగండి, అన్నాడు. రేపు నెలపొడుపు కాబట్టి ఇంకో పాఠం ఉందనీ, అందుకే దీవెనలు ఇంకా చెప్పలేదనీ వివరించాడు. పిల్లలు పిడికిళ్ళు బిగించుకుని కూర్చున్నారు.

మెండెల్ బల్ల దగ్గరికి వస్తాడని అందరూ చూశారు. అతను మెట్లు దిగాడు. నడవాలో మధ్యకి వచ్చి, ఆగకుండా, చివరి వరస దాకా నడిచాడు. మూడు వందల తలలు అతనితో పాటు వెనక్కి తిరిగాయి. టోవా పైనే, బల్ల అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"గొంతు పట్టేసింది," అన్నాడు మెండెల్, బ్రైనా మీదికి వంగి.

"పొద్దున్నించీ పేర్లు బాగానే పిలుస్తున్నావుగా."

"నిన్ననే పట్టేసింది. ఆ పిల్ల వీధి పేరుతో నా నంబరు వెతికి మూడుసార్లు ఫోన్ చేసింది, ఇది నువ్వే చదవాలని. రెండుసార్లు కుదరదన్నా. మూడోసారి మా ఆవిడ తీసింది. ఇంక ఆ ఇంట్లో నా మాట ఎక్కడ సాగుతుంది?"

బ్రైనా నవ్వలేదు. నోట్లో మోకాళ్ళన్న మాట సిద్ధంగా ఉంది, రెండేళ్ళుగా తళతళలాడేలా తోమిపెట్టుకున్న మాట. అది నాలుక మీదికి వచ్చింది కూడా.

మెండెల్ ఇంకా కిందికి వంగాడు. చదివేటప్పటి ముక్కు గొంతు కాదది. "ఆరోజు హెర్షెల్ పక్కన నిలబడింది నేనే. వాడికి మాట అందించింది ఎవరో చూశాను. అందరూ నవ్వారని నేనూ నవ్వాను." పిల్లలవైపు చేయి చూపాడు. "లే బ్రైనా. పిల్లల చేతుల్లో మిఠాయిలు కరిగిపోతున్నాయి."

ఆమె ముందు బెంచీ అంచు పట్టుకుంది. మోకాళ్ళు ఏమీ అనలేదు. లేచి నిలబడ్డాక, ఇంతసేపూ ఇంతేనా అన్నట్టు ఒకసారి కిందికి చూసుకుంది. పక్కావిడ తన శాలువా తీసి ఆమె భుజాల మీద కప్పింది. ఎవరి భుజాల వేడో దానికి ఇంకా అంటుకుని ఉంది.

మెండెల్ ఇప్పుడు నిటారుగా నిలబడ్డాడు. గబాయ్ మొహం పెట్టాడు. పైకి పిలవాలంటే మనిషి పేరూ తండ్రి పేరూ కావాలి. తెలిసినవాళ్ళయినా సరే, మొదటిసారి పైకి వచ్చేవాళ్ళని అడిగి తెలుసుకోవడం అతని అలవాటు. చిన్నప్పటినుంచీ ఎరిగిన మనిషిని ఎప్పుడూ చూడనట్టు చూసి, మర్యాదగా అడిగాడు.

"ఎవరని పిలవమంటారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఎలా చెప్పాలో రెండు వందల మందికి నేర్పింది ఆమె. గొణగకండి, నేల చూపులు చూడకండి, అది మీ పేరు, దొంగసొత్తు కాదు. ఒక్కొక్కరి చేతా పదేసి సార్లు చెప్పించేది. తన నోటితో తన పేరు అలా ఎప్పుడూ చెప్పుకోలేదు. ఎవరూ అడగలేదు, రబ్బీ అడగబోయినప్పుడు తాను ఆగలేదు. గొంతులో ఏదో పైకి ఎక్కుతోంది, దిగుతోంది, వంపు తిరుగుతోంది. ఊపిరి కాస్త ముందే తీసుకుంది.

"బ్రైనా," అంది, పైన బల్ల దగ్గరున్న పిల్లకు కూడా వినిపించేలా. "లేబ్ కూతుర్ని."